ఆపగలిగీ ఆపకపోవడం

ప్రాణం ఇవ్వడం గొప్పా? ఇచ్చేవాళ్లని ఆపకుండా ఉండటం గొప్పా?

1995 నుంచి 2001 వరకు వచ్చిన 'జీనా: వారియర్ ప్రిన్సెస్' సీరియల్ మీలో కొందరు చూసే ఉంటారు. జీనా ఒకప్పుడు ఊళ్లు దోచిన యోధురాలు. మంచి దారికి మళ్లాక ఆమెకి తోడు గాబ్రియెల్ అనే పల్లెటూరి అమ్మాయి.

చివరి కథ జపాన్‌లో. ఎప్పుడో జీనా వల్ల రేగిన మంటల్లో 40,000 మంది చనిపోయారు. బందీలైన ఆ ఆత్మల్ని విడిపించడానికి ఆమె కావాలనే ప్రాణం వదులుతుంది. పొద్దు గూకేలోపు ఆమె చితాభస్మాన్ని ఫ్యూజీ కొండ మీది నీటిబుగ్గలో కలిపితే మళ్లీ బతుకుతుంది. గాబ్రియెల్ పోరాడి అక్కడికి చేరుతుంది. కానీ జీనా ఆత్మే వచ్చి వద్దంటుంది. తను తిరిగొస్తే వాళ్లకి విముక్తి ఉండదు.

చేతిలో భస్మం ఉంది, టైమూ ఉంది. అయినా గాబ్రియెల్ ఏడుస్తూనే ఆగిపోతుంది.

నాకైతే ఇదే ఎక్కువ కష్టం అనిపిస్తుంది. జీనా తీర్చుకున్నది తన కర్మ. ఏ పాపం చేయని గాబ్రియెల్ పోగొట్టుకున్నది తన ప్రాణస్నేహితుర్ని. "నీ మంచి నాకు తెలుసు" అనేది మమకారం. "నీ ధర్మం నీకు తెలుసు" అనేది నమ్మకం. కౌసల్య కూడా మొదట వద్దని ఏడ్చి, చివరికి రాముణ్ణి దీవించే పంపింది కదా!

అలాగని నిరాశలో ఉన్న ఫ్రెండ్‌ని వదిలేయమని కాదు. అక్కడ ఆపడమే ధర్మం. మరి మనవాళ్లు ఇతరుల కోసం కష్టమైన దారి ఎంచుకున్నప్పుడు మనం ఆపేది వాళ్ల కోసమా, మన కోసమా?