వాయిదాపడిన చికిత్స - విశ్వాసము

ఆపద నెదుర్కొనుటకు ధైర్యము కావలెనని యందరును చెప్పుదురు. కాని యెదుర్కొన సిద్ధపడి గుమ్మముదాక పోయి, “నేడు వలనుపడదు, మరియొకనాడు రండు” అను మాట విని యింటికి మరలివచ్చుటకు వేరొక ధైర్యము కావలెను. విశ్వాసమును గూర్చి మనము చెప్పుకొను మాటలకు నిజమైన పరీక్ష యట్టి యింటియందే జరుగును.

మే మెరిగిన యొక కుటుంబమున పదుమూడేండ్ల బాలిక కలదు. ఆమె వెన్నెముక పక్కకు వంగినది. ఇట్టి వంపు 10 డిగ్రీలకు చేరినచో వ్యాధిగా నెన్నబడును. 50 డిగ్రీలు దాటినచో సాధారణముగా శస్త్రచికిత్స నాలోచింతురు. ఈ బిడ్డ వంపు ఆ మేర దాటినది. తండ్రి ఋణము తెచ్చెను. తల్లి తిరుపతికి మ్రొక్కుకొనెను. అవ్వ ముంజేతికి పసుపుత్రాడు కట్టెను. తీరా చికిత్సనాటి యుదయమున బిడ్డకు జ్వరమును దగ్గును కనబడగా, మత్తు నిచ్చు వైద్యుడు పరీక్షించి చికిత్సను కొన్ని వారములు వాయిదా వేసెను.

ఇంటికి వచ్చినది మొదలు వ్యాఖ్యానములు బయలుదేరినవి. ముహూర్తము చూడకపోవుటచే నిట్లైనదని యొకరు. పాత మ్రొక్కు తీర్పలేదని యొకరు. పూర్వజన్మకర్మ యనుభవింపక తీరదని మరియొకరు. అంతయు మన మేలునకే యని యొక బంధువు ఓదార్చెను. ఇవన్నియు వినుచు పండుకొనియున్న బాలిక రాత్రి తల్లి నడిగెను: “అమ్మా, దేవునికి నామీద కోపమా?”

ఆ తల్లి కొంతసేపు మాటాడలేదట. పిమ్మట, “ఇట్లేల జరిగినదో నాకు తెలియదు తల్లీ. బిడ్డలమీద కోపపడువాడు దేవుడు కాడు. వారు మరల రమ్మన్ననాడు నేను నీ చెంతనే యుందును” అనెను. ఆ యింట నానాడు పలుకబడిన మాటలలో విశ్వాస మనదగినది యిదియొక్కటే యని మా యభిప్రాయము.

వాయిదాకు కారణము దైవరహస్యము కాదు. ఈ చికిత్స కొన్ని గంటలు పట్టును. బిడ్డను బోరగిల పరుండబెట్టి, గొట్టముద్వారా శ్వాస నడిపింపవలెను. జలుబు, జ్వరము ఉన్నపుడు శ్వాసమార్గము బిగుసుకొనవచ్చును. తరువాత ఊపిరితిత్తులకు చేటు రావచ్చును. వంపు మిక్కుటమైన బిడ్డకు రొమ్మున చోటు ముందే తక్కువ. కావున నాటి నిరాకరణము శకునము కాదు, జాగరూకత. అట్లని జాప్యము నిరపాయమనియు చెప్పరాదు. ఎదుగు వయస్సున వంపు పెరుగవచ్చును. దగ్గు తగ్గినదా యని చూచుకొని, వైద్యుని మరల కలిసి, క్రొత్త తేదీని గైకొనుట గృహస్థుని ధర్మము. అప్పుడు మౌఢ్యమి యనియు, వర్జ్య మనియు మనమే మరల వాయిదా వేసితిమా, ఆ దోషము గ్రహములది కాదు, మనదే.

శకునమనువాడును, అంతయు మేలునకే యనువాడును వేర్వేరుగా కనబడుదురు గాని, యిరువురును చదువరాని దైవలేఖను చదివితి మనుచున్నారు. రెండవవాని మాట తీయనిదే; కాని వాయిదాలో బిడ్డకు కీడు మూడినచో నా మాట యేమగును? కర్మవాదము మరింత క్రూరము. ఈ రోగముగల బిడ్డలలో పెక్కుమందికి వంపు ఏల వచ్చినదో వైద్యశాస్త్రమున కింకను తెలియదు. తెలియని కారణముయొక్క ఖాళీపీఠముమీద బిడ్డ పాపమును కూర్చుండబెట్టుట భక్తి యెట్లగును?

మరి సందేహించుట విశ్వాసహీనత కాదా యని కొంద రడుగుదురు. పోతన గజేంద్రుని చూడుడు. మొసలిపట్టునుండి విడిపించుకొనుటకు చిరకాలము తన బలముకొలది పోరాడెను. మొరపెట్టుచు నడుమ, ఆ దేవుడున్నాడా లేడా యనికూడ శంకించెను. ఆ శంకతో కూడిన మొరనే మన యవ్వలు ప్రార్థనగా బిడ్డలకు నేర్పుచున్నారు. పోరాటమును ప్రార్థనయు విరోధులు కావనియు, సంశయము వచ్చినంతమాత్రమున ప్రార్థన చెడదనియు నింతకంటె స్పష్టముగా చెప్పవలయునా?

మానవుల యోపికకూడ నొకవిధమైన ప్రార్థనయే. 1911వ సంవత్సరమున న్యూయార్కునందు రసెల్ హిబ్స్ అను వైద్యుడు వెన్నుపూసలను ఒండొంటితో నతుకు చికిత్స చేసెను. పోలియోచే వెన్ను వంగిన బిడ్డలకొరకు హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ లోహపు కడ్డీల నమర్చుపద్ధతిని కల్పించి, 1962లో ప్రకటించెను. నేడు మన నగరములలో నీ చికిత్స జరుగుచున్నదన్న, దాని వెనుక నిన్ని యేండ్ల నిరీక్షణ యున్నది.

ఇది వ్రాయునాటికి ఆ బాలికకు చికిత్స కాలేదు. ఫలము తెలిసినపిమ్మట విశ్వాసమును పొగడుట సులభము గనుక, ఫలము తెలియకముందే వ్రాయుచున్నాము. ఆ తల్లి ప్రతిదినము బిడ్డకు జ్వరము చూచుచున్నది. సాయంకాలము దీపము పెట్టుచున్నది. ఈ రెండింటిలో నేది భక్తి, యేది కర్తవ్యము అని విడదీయ నామె కవసరము లేదు, మనకును లేదు. అట్టి యింటికి పోవు బంధువులు వ్యాఖ్యానములను వీధిగుమ్మముకడనే విడిచి, చేతనైన సాయముతో లోనికి పోవుదురు గాక.