పరదేశి చెట్టుకు పాపముంటుందా?

ఒంగోలు నుండి అద్దంకి వైపు గాని, నరసరావుపేట నుండి వినుకొండ వైపు గాని వెళ్ళేవారికి దారి పొడుగునా, బీళ్ళలో, చెరువుల్లో పదేపదే కనిపించే చెట్టు సర్కారు తుమ్మ. చిల్లచెట్టు అని కూడ అంటారు. ఇది మన నేలది కాదు. 1870ల్లో ఆంగ్లేయుల అటవీ శాఖ జమైకా దీవి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది. మెట్టప్రాంతాల వారికి వంటచెరకు దొరకాలన్నదే ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాని మేకలు, పశువులు ఆ తియ్యని కాయలు తిని పేడతో విత్తనాలను ఊరూరా చల్లాయి. నరికితే మొదట్లో నుండి మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. దాని కింద గడ్డి కూడ సరిగా మొలవదు. నాగళ్ళకు కర్ర ఇచ్చిన మన నల్లతుమ్మకు చాలాచోట్ల చోటే లేకుండా పోయింది.

అయితే, పరదేశి కాబట్టి చెడ్డదా? మరి మిరప సంగతేమిటి? అదీ అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చినదే. నేడు గుంటూరు పేరు చెబితే మిరపే గుర్తొస్తుంది. ప్రకాశం పొగాకూ ఆ ఖండానిదే, మనం వేసే పత్తి కూడ ఎక్కువగా అక్కడి జాతే. అంతెందుకు, సువార్త కూడ సముద్రం దాటే మన ఊళ్ళకు చేరింది. పుట్టుకను బట్టి తీర్పు చెప్పడం మనకు అసలే తగదు.

మత్తయి సువార్త 13వ అధ్యాయంలో యజమాని కలుపును కోతకాలం దాకా ఉండనిమ్మంటాడు. మిరప తోటలో కలుపు తీసే అక్కలు ఈ మాట వింటే నవ్వుతారేమో! ఆ ఉపమానం మనుషుల గురించి, సేద్యం గురించి కాదు. కాని ఆయన చెప్పిన కారణం చూడండి: కలుపు పీకబోయి గోధుమను కూడ పీకేస్తారని. ఇక్కడ ఆ గోధుమ ఎవరు? గ్యాసు బండ నింపించే డబ్బు లేక కంప కొట్టుకొచ్చి వండుకునే ఇల్లాలు. బొగ్గు బట్టీ మీద బ్రతికే కుటుంబం. యంత్రం పెట్టి వారం రోజుల్లో పెకలిస్తే చెరువు బాగుపడవచ్చు. ఆమె పొయ్యి మాటేమిటి? 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు 'లౌదాతో సీ' విశ్వలేఖలో భూమి మొరను, పేదల మొరను కలిపి వినాలన్నారు. ఏదో ఒకటే వినడం తేలిక.

పీకవలసిందేనని నా అభిప్రాయం, చెరువుల్లోనూ వాగుల్లోనూ మరీను. అయితే ఆ కట్టె, ఆ కూలి ముందు ఆ ఇళ్ళకే దక్కాలి. ఖాళీ చోట వేప, కానుగ, నల్లతుమ్మ నాటి రెండు మూడేళ్ళు కాపాడాలి. లేకపోతే నాలుగు వానలకు మళ్ళీ అదే కంప.

నవంబరు 2న మృతుల స్మరణకు ముందు చాలా విచారణల్లో సమాధుల తోట శుభ్రం చేస్తారు. కొట్టిన కంపను అక్కడే తగలబెట్టడం కద్దు. ఈ ఏడు ఆ కట్టె ఎవరింటికి చేరాలో విచారణ పెద్దలు ముందే మాట్లాడుకుంటే బాగుంటుంది.