హాని లేదు కదా!

హోమియోపతి పనిచేస్తుందా లేదా అన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్నేం కాదు. దానికి జవాబు దొరికి చాలాకాలమైంది. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ తర్వాతి ప్రశ్న. ఆ తెల్ల మాత్రల్లో పంచదార తప్ప ఏమీ లేదని తెలిసినవాడు, వాటిని నమ్మి వాడుతున్న తనవాళ్ళకి ఆ సంగతి చెప్పాలా, ఊరుకోవాలా? "హాని లేదు కదా, ఎవరి నమ్మకం వాళ్ళది, నీకెందుకు?" అంటారు స్నేహితులు. మర్యాదస్తుల మాట అది. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో చూద్దామని ఈ నాలుగు ముక్కలు.

ముందు జవాబు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ఈ పద్ధతికి పునాది వేశాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో, అవే లక్షణాలున్న జబ్బుని ఆ పదార్థం తగ్గిస్తుందన్నది మొదటి సూత్రం. పలచన చేసి కుదుపుతున్నకొద్దీ మందు శక్తి పెరుగుతుందన్నది రెండోది. సీసా మీద '30సి' అని ఉంటే అర్థం ఇదీ: ఒక వంతు పదార్థాన్ని 99 వంతుల నీళ్ళలోనో ఆల్కహాల్లోనో కలుపుతారు. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతుల్లో కలుపుతారు. ఇలా 30 సార్లు. చివరికి మిగిలేది, 1 పక్కన 60 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. ఇంటర్ కెమిస్ట్రీలో బట్టీపట్టిన అవొగాడ్రో సంఖ్యలో ఉన్నవి 24 అంకెలే. అంటే పన్నెండోసారి కలిపేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం అనుమానం. 30సిలో ఒక్క అణువు కచ్చితంగా దొరకాలంటే ఎంత నీరు తాగాలో ఒకసారి లెక్కేశాను. సుమారు 500 కోట్ల భూగోళాల బరువంత.

లెక్క సంగతి సరే, మనుషుల మీద ఫలితం ఉందా? 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 61 రకాల అనారోగ్యాల మీద జరిగిన అధ్యయనాలను పరిశీలించింది. ఏ ఒక్కదానికీ హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. మన దగ్గర మాత్రం ఇది అయిదున్నరేళ్ళ డిగ్రీ. 2020 జనవరి చివర్లో, కరోనా ఇంకా మనదాకా వస్తుందో రాదో తెలియని రోజుల్లో, ముందుజాగ్రత్తగా ఆర్సెనికం ఆల్బం 30 వేసుకోవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ సలహా ఇచ్చింది.

ఇక్కడిదాకా రాసి "జనం పిచ్చివాళ్ళు" అనేసి ముగిస్తే పని తేలిక. కానీ మహేంద్రలాల్ సర్కార్ అడ్డొస్తాడు. ఆయన కలకత్తా మెడికల్ కాలేజీలో 1863లో ఎం.డి. పట్టా పుచ్చుకున్న వైద్యుడు. మొదట్లో హోమియోపతిని సభలో నిలబడి దుమ్మెత్తిపోసినవాడే. తర్వాత ఒక హోమియో పుస్తకం మీద సమీక్ష రాయాల్సి వచ్చింది. చూడకుండా ఎలా రాయడం అని, ఆ వైద్యం చేసే ఒకాయన రోగుల్ని వెళ్ళి చూశాడు. చూసి, 1867లో బహిరంగంగా అటువైపు మారిపోయాడు. తోటి డాక్టర్లు ఆయన్ని వెలివేశారు, ప్రాక్టీసు దెబ్బతింది. అయినా వెనక్కి తగ్గలేదు. ఈయనే 1876లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ స్థాపించాడు. సి.వి. రామన్ 1928లో తన పేరు మీద నిలిచిన ఎఫెక్ట్‌ని కనిపెట్టింది ఆ సంస్థలోనే. దేశంలో విజ్ఞానశాస్త్రానికి ఇల్లు కట్టిన మనిషి, నిజాయితీగా కళ్ళారా చూసి మరీ, పంచదార గుళికల్ని నమ్మాడు.

ఎందుకు నమ్మి ఉంటాడు? అప్పటి పెద్ద వైద్యం ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. 1799 డిసెంబర్ 14న గొంతు వాచి ఊపిరాడని జార్జ్ వాషింగ్టన్‌కి డాక్టర్లు ఒక్క రోజులోనే పలుమార్లు రక్తం తీశారు. ఆ రాత్రే ఆయన పోయాడు. పాదరసం, వాంతులు, విరేచనాలు, జలగలు - ఇవీ ఆ కాలపు ఆయుధాలు. ఆ రోజుల్లో ఏమీ చేయని వైద్యం దగ్గరకి వెళ్ళినవాడు నిజంగానే మేలు పొందే అవకాశం ఉంది. సర్కార్ చూసింది అబద్ధం కాదు. రోగులు కోలుకున్నారు. ఆయన చూడలేకపోయింది ఒక్కటే. అదే రోగులకి ఏమీ ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేది అన్నది. అది ఎంత తెలివైన కంటికైనా కనపడదు. దానికి రెండు గుంపులు కావాలి, లెక్క కావాలి.

మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. ఎప్పుడో ఒకసారి వచ్చి దానంతటదే మాయమయ్యే బగ్ ఒకటి ఉంటుంది. ఎవరో ఒక లైను మారుస్తారు, సర్వర్ రీస్టార్ట్ చేస్తారు, బగ్ మళ్ళీ కనపడదు. "ఫిక్స్ అయిపోయింది" అంటారు. మంచి టీమ్ లీడ్ అయితే అడుగుతాడు: ఆ లైను తీసేస్తే మళ్ళీ వస్తోందా? అది చూడకపోతే నువ్వు ఫిక్స్ చేయలేదు, అదే పోయింది.

మన ఊళ్ళలో పచ్చకామెర్లకి పసరు పోస్తారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరు పోసినా తగ్గుతుంది, పోయకపోయినా తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకి వస్తుంది. తరతరాలుగా వస్తూనే ఉంది. కానీ కళ్ళు పచ్చబడేది దానికొక్కదానికే కాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమంలో గడ్డ వచ్చినా పచ్చబడతాయి. రంగు ఒకటే. ఇది తగ్గే కామెరా, చంపే కామెరా అన్నది పసరు పోసేవాడికీ తెలియదు, పోయించుకునేవాడికీ తెలియదు. తెలిసేసరికి రోజులు గడిచిపోతాయి.

"హాని లేదు కదా" అన్న మాట నాకు మొదట వదులుగా అనిపించింది ఇక్కడే. పసరులో హాని లేకపోవచ్చు, మాత్రల్లో అసలే ఉండకపోవచ్చు. కానీ మనం వేసుకునేది మాత్ర ఒక్కటే కాదు. దాంతోపాటు ఒక నమ్మకాన్ని కూడా ఇంట్లో పెట్టుకుంటాం. జలుబు దగ్గర కుదిరిన నమ్మకం జలుబుతో ఆగదు.

మా ఇంట్లో అలాగే అయింది. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మా ఊళ్ళోనే ఒక హోమియో డాక్టరు దగ్గరకి వెళ్ళడం మొదలుపెట్టింది. మూడు నెలలకి బాగా తేలికైంది. కీళ్ళ నొప్పుల స్వభావమే అది, పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా పెరిగినప్పుడే డాక్టరు దగ్గరకి వెళ్తాం కాబట్టి ఆ తర్వాత తగ్గడమే ఎక్కువ. అయితే అమ్మకి దొరికింది అంతే కాదు. ఆయన మొదటి రోజు ముప్పావుగంట మాట్లాడాడు. నిద్ర ఎలా పడుతుంది, కోపం ఎక్కువా, దిగులు ఎక్కువా, చలికి ఓర్చుకోగలవా అని అడిగాడు. అంతకుముందు చూపించుకున్న పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే వైపు చూసి, తన వైపు చూడకుండా చీటీ రాసిచ్చాడట. "ఈయన నేను చెప్పేది వింటాడురా" అంది అమ్మ. ఆ మాటకి నా దగ్గర అవొగాడ్రో సంఖ్య ఏం పనికొస్తుంది?

తర్వాత నాన్న మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళుగా బీపీ మాత్రలు వాడుతున్నారు. "ఈ ఇంగ్లీషు మందులు జన్మంతా మింగాల్సిందేనా? హోమియోలో రోగాన్ని వేళ్ళతో సహా తీసేస్తారట. మీ అమ్మకి తగ్గలా?" అన్నారు ఫోన్లో.

మోకాలికీ బీపీకీ తేడా చూడండి. మోకాలు మాట్లాడుతుంది. తగ్గకపోతే మర్నాడే చెప్తుంది. బీపీ ఏమీ చెప్పదు. మాత్రలు ఆపేస్తే వారానికీ, నెలకీ కూడా ఏ తేడా తెలియకపోవచ్చు. పైగా హాయిగా ఉన్నట్టే ఉంటుంది. అది చెప్పే మొదటి మాట పక్షవాతమే కావచ్చు. అమ్మ మోకాళ్ళు సంపాదించిన పరపతిని నాన్న తన మెదడు నరాల మీద పందెం కాయబోతున్నారు. హాని లేని మాత్ర చేయగల హాని ఇదీ.

ఈ సందర్భంలో ఇద్దరు పాత పెద్దమనుషులు గుర్తొస్తారు. విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో నమ్మకపు నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతదని, బాగుచేయించాలని అతనికి అనుమానం. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది కదా అని ఆ అనుమానాన్ని తనే నొక్కేసుకుని, మనస్ఫూర్తిగా నమ్మి, జనాన్ని ఎక్కించి పంపిస్తాడు. ఓడ మునిగిపోతుంది. అతను దోషే, అంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. క్లిఫర్డ్ ఇంకో అడుగు వేస్తాడు: ఓడ మునగకుండా ఒడ్డు చేరినా అతను అంతే దోషి అంటాడు. ఏం జరిగిందన్నదాన్ని బట్టి కాదు, నమ్మే హక్కు అతనికి ఉందా లేదా అన్నదాన్ని బట్టి తప్పు తేలుతుంది. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా" అన్న వాదన అక్కడితో చెల్లదు.

రెండో ఆయన విలియం జేమ్స్. క్లిఫర్డ్‌ది మరీ మొండి నియమమని వాదించిన తత్వవేత్త, తనూ వైద్యం చదివినవాడే. మనసు బలంతో వైద్యం చేస్తామనేవాళ్ళని లైసెన్సు చట్టంతో అణచాలని చూసినప్పుడు, 1898లో మసాచుసెట్స్ శాసనసభ ముందుకి వెళ్ళి మరీ వ్యతిరేకించాడు. వైద్యులకి ఇంకా తెలియనిది చాలా ఉంది, తలుపులు మూసేయొద్దన్నది ఆయన వాదన. ఈ వాదనని నేను తీసిపారేయలేను. ఏ వైద్యంలో ఏముందో చూడ్డానికి తలుపు తెరిచి ఉంచాల్సిందే. కానీ రెండు వందల ఏళ్ళకి పైగా తెరిచి ఉన్న తలుపులోంచి ఏమీ రాకపోతే, రాలేదని చెప్పడం తలుపు మూయడం కాదు.

మరి అమ్మ సంగతి? నాన్నకి చెప్పడం తేలిక, అక్కడ ప్రాణం ఉంది. అమ్మ విషయంలో ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే ఆమెకి ఉపశమనం, నాకు ప్రశాంతత. నాకు కుదరనిది ఎక్కడంటే, ఆ మౌనంలో ఒక చిన్నచూపు ఉంది. నిజం నాకు, ఊరట ఆమెకి అని పంపకం చేసేయడం అది. పిల్లలకి చేదు మందు బెల్లంలో పెట్టిచ్చినట్టు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి మా అమ్మ. ఆమెకి లెక్క అర్థం కాదని నేనెలా తీర్మానిస్తాను?

పైగా ఊరట కావాలంటే అబద్ధం తప్పదని కూడా లేదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు పేగుల జబ్బుతో బాధపడే 80 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి "ఇందులో మందేమీ లేదు" అని చెప్పే ఉత్తుత్తి మాత్రలిచ్చారు. ఏమీ తీసుకోనివాళ్ళకంటే వాళ్ళు ఎక్కువ ఉపశమనం చెప్పారు. చిన్న ప్రయోగమే, బాధ ఎంతన్నది రోగులు చెప్పిన లెక్కే. కానీ శ్రద్ధగా పట్టించుకునే మనిషి దొరకడమే సగం వైద్యమని మనకీ తెలుసు. సిగ్గుపడాల్సింది రెండు నిమిషాల్లో చీటీ చించిచ్చే ఆసుపత్రులు. అక్కర్లేని టెస్టులు, జలుబుకి యాంటీబయాటిక్స్ రాసేవాళ్ళని కూడా "ఆధారం ఏది?" అని అడగకపోతే, హోమియోని అడిగే హక్కు మనకి లేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పాను. కాగితం మీద 30సి లెక్క వేసి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని సున్నాలు లెక్కపెట్టుకుంది. తర్వాత, "అయితే నాకు తగ్గింది అబద్ధమా?" అంది. తగ్గింది నిజమే, ఎందుకు తగ్గిందన్నదే వేరే సంగతి అన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు. నాన్నకి బీపీ మెషీన్ కొనిచ్చి, మాత్రలు ఆపకుండా రోజూ రీడింగ్ రాయమన్నాను. బ్యాంకులో పనిచేసిన మనిషి, గీతలు గీసుకుని మరీ రాస్తున్నారు. తెల్ల మాత్రలూ వేసుకుంటున్నారు, బీపీ మాత్రలూ వేసుకుంటున్నారు.

అమ్మ ఆ డాక్టరు దగ్గరకి వెళ్తూనే ఉంది. మొన్న తెనాలిలో ఏదో మందు దొరకలేదని, హైదరాబాద్‌లో కొని పంపమని పేరు మెసేజ్ చేసింది. 200సి. కొని పంపాను. తెలిసి తీసుకునేదానికీ, తెలియక తీసుకునేదానికీ మధ్య తేడా ఉందని అనుకుంటున్నాను కాబట్టి పంపగలిగాను. ఆ తేడా ఎంత గట్టిదన్నది నాన్న నోటుబుక్కులో రీడింగులు చెప్పాలి. అందుకే ప్రతి ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు అవే అడుగుతున్నాను.