మెరుపు మనకు, గుంటలు ఎవరికి?

వేసవి రాగానే మనలో చాలామంది కారు కడిగి మైనం పూస్తాం. సిలికోన్ కలిసిన పాలిష్ సులువుగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. కాని అది ఏ కాస్త మిగిలినా, తర్వాత వేసే రంగు అక్కడ నిలవక చేపకళ్ళలా గుంటలు పడతాయి. డబ్బా మీద కార్నోబా అని ఉన్నా లోపల సిలికోన్ ఉండవచ్చు.

మా వృత్తిలోనూ ఇలాంటిదే జరిగింది. సర్జన్ చేతి తొడుగులు సులువుగా ఎక్కడానికి పొడి వాడేవారు. ఆ పొడివల్ల పేగులు అతుక్కునే ప్రమాదం ఉండేది; మళ్ళీ కోయవలసివస్తే ఆ చిక్కు మరో సర్జన్‌ది. 2017లో అమెరికాలో ఆ తొడుగులు నిషిద్ధమయ్యాయి.

"కారు నాది, రేపు అమ్మేస్తాను" అంటారా? మెరుపు మనం అనుభవించి, గుంటలు ముక్కూమొహం తెలియనివాడికి అప్పగించడం న్యాయమా? సిలికోన్ వాడటం తప్పు కాదు. వాడిన సంగతి దాచడం తప్పు. చెబితే పెయింటరు ముందే ద్రావకంతో శుభ్రంగా తుడుచుకుంటాడు. వస్తువు చేతులు మారేటప్పుడు నిజం కూడా దానితో వెళ్ళాలి.