రెండవ కాక

ధ్యాన భాగములు: యెషయా 54:11-17, 2 కొరింథీ 1:3-4



ఆదరణ లేక అలసిన యెరూషలేమును ఓదార్చుచు, కొలిమియొద్ద పనిముట్టు చేయు కమ్మరిని సైతము తానే సృజించితినని దేవుడు ప్రవక్తద్వారా తెలియజేసెను. కావున కమ్మరి పనిని కొంచెము ధ్యానింతము.

విజయవాడ దగ్గరనున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కర్ర వాడుదురు. అది తేలికైనది, మెత్తనిది. మెత్తని కర్రకు ఏ కత్తియైనను చాలునని మనకు తోచును. అది నిజము కాదు. మొద్దు కత్తి మెత్తని కర్రను కోయదు, దాని నారను నలిపి చించివేయును. బొమ్మ ముక్కును, చెవిని, వ్రేళ్లను తీర్చుటకు సన్నని వాదర కావలెను. అందుచేత చెక్కుడు కత్తి చేయించుకొనువాడు అది ఏ కర్రకో, ఏ పనికో కమ్మరికి ముందుగా చెప్పవలెను.

కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, దాగలిమీద సుత్తెతో సాగగొట్టి రూపమిచ్చును. మరల ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టి నీళ్లలోనో నూనెలోనో ముంచును. కత్తి గట్టిపడును. పని ముగిసినదని చూచువారు తలంచెదరు. అయితే అది అప్పుడు గాజువలె పెళుసు. ముడి తగిలినచో వాదర పెట్లిపోవును. కాబట్టి దానిని రెండవసారి మెల్లని వేడిమీద, సుమారు 200 నుండి 250 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచుదురు. మెరుగుపెట్టిన ఉక్కుమీద ఎండుగడ్డి రంగు వచ్చి, క్రమముగా గోధుమవన్నెకు తిరుగును. అక్కడ ఆపవలెను. కొంత గట్టితనము పోవును గాని విరగని గుణము వచ్చును. ఆపక కాచినయెడల పదును నిలువదు.

ప్రియులారా, మొదటి అగ్నిని మనలో అనేకులము ఎరుగుదుము. పంట పోయినది, అప్పు మిగిలినది, బిడ్డను మంటిలో పెట్టి వచ్చితిమి. శ్రమ మనలను గట్టిపరచినది. గట్టిపడుటయే చాలునా? భర్తను పోగొట్టుకొన్న సహోదరి యింట కూర్చుండి, "మేము పడలేదా? ఏడ్చిన వచ్చునా?" అని పలికిన మాట గట్టిదే, గాని అది కాచని కత్తి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో నేలను కూర్చుండిరి. నోరు తెరచినప్పుడు గాయపరచిరి. వారి మాటలలో సత్యము లేకపోలేదు, కనికరమే లేకపోయెను.

మన శ్రమలో దేవుడిచ్చు ఆదరణయే ఆ రెండవ కాక. ఆ ఆదరణతోనే ఇతరులను ఆదరింపవలెనని పౌలు బోధించుచున్నాడు. పాపమును పాపము కాదని చెప్పుట ఆదరణ కాదు. అది పదును పోయిన కత్తి. సత్యమును విడువక, నలిగిన హృదయమును చింపక పలుకు నాలుక మనకు కావలెను.

ఈ మాసములో మన సంఘమందు దుఃఖములోనున్న ఒక యింటికి వెళ్లుదము. ముందు కూర్చుందము, విందము, తరువాత మాటలాడుదము. మెత్తని హృదయములయొద్దకు మనలను పంపు ప్రభువు, ఆ పనికి తగినట్టు మనలను సిద్ధపరచును గాక. ఆమేన్.