పనికిరాని గడ్డికి ఒక దండం
ఇందుకూరుపేట దగ్గర మా తాతయ్య వరి చేలో కలుపు పీకుతూ "ఇది ఎందుకూ పనికిరాదబ్బయా" అనేవారు.

మనం తినే సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సంకరం చేసి, 3 నిరోధక జన్యువులున్న మెరుగైన సాంబ మసూరిని తయారుచేశారు. అది 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ21 అసలు ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిది. ఎవరూ విత్తని గడ్డి. తాతయ్య చేలో మొలిస్తే పీకేసేవారే!

పోయినేడు మా టీమ్‌లో ఒక జూనియర్‌ని "పనికిరాడు" అని నేనే పక్కన పెట్టించా. ఇప్పుడు సిగ్గేస్తోంది.

చేలో కలుపు తీయక తప్పదు. కానీ గట్టు మీద కూడా బతకొద్దనే హక్కు మనకుందా? పనికొచ్చాక దండం పెడితే అది భక్తి కాదు, బేరం. ఈసారి నైవేద్యం పెట్టేటప్పుడు ఆ గడ్డినీ ఒకసారి తలుచుకోండి.