ఎక్కడి మొక్క అని అడిగే ముందు



బెంగళూరులో స్థిరపడిన మేము కొన్ని కుటుంబములవారము, వీలైన శనివారములలో ఉదయమే చెరువు గట్ల మీద నడుస్తూ, ఎవరూ నాటకుండానే మొలిచిన మొక్కలను, వాటి మీద బ్రతికే పురుగులను చూచే అలవాటు చేసికొన్నాము. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక భూతద్దము, ఒక నోటు పుస్తకము, తొందర లేని కాళ్ళు చాలును. నిజానికి నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. ఒక్క జిల్లేడు పొద దగ్గరే అరగంట గడిచిపోతుంది.

జిల్లేడు పాలు విషమని మన అమ్మమ్మలు చెప్పేవారు. అయినా ఆ ఆకునే తిని పెరిగే గొంగళిపురుగు ఒకటి ఉన్నది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఉంటుంది. అది నారింజ రంగు సీతాకోకచిలుకగా మారిన తరువాత కూడా ఒంట్లోని చేదు వలన చాలా పక్షులు దాని జోలికి రావు. ఇది కళ్ళారా చూచిన పిల్లవాడు జిల్లేడును పనికిరాని మొక్క అనడు.

ఈ మధ్య ఫోనులో ఫోటో తీస్తే చాలు, మొక్క పేరుతోపాటు అది పుట్టిన దేశము కూడా తెలిసిపోతున్నది. దానితో పిల్లల నోట ఒక మాట తరచుగా వస్తున్నది: “అంకుల్, ఇది ఫారిన్‌ది, పీకేద్దామా?”

ఇది మనకు తేలిక ప్రశ్న కాదు. మూడు తరములుగా ఇక్కడే పుట్టి, ఇక్కడి బడులలో చదివి, కన్నడము ధారాళముగా మాట్లాడుతూ, నేటికీ “మీ ఊరు ఏది?” అని అడిగించుకొనేవారము మనము. మద్రాసులోనూ, బరంపురములోనూ, షోలాపురములోనూ ఉన్న మనవారికి కూడా ఈ ప్రశ్న పరిచయమే. పుట్టిన చోటునుబట్టి పీకివేయవచ్చునని మన పిల్లలు చెరువు గట్టు మీద నేర్చుకొంటే, ఆ పాఠము గట్టు మీదనే ఆగుతుందా?

గడ్డి చామంతిని చూడండి. కొన్ని ఊళ్ళలో దీనిని పలకాకు అంటారు. పెద్దలలో చాలామంది దీనితో పలకలు తుడిచినవారే, దెబ్బ తగిలితే పసరు పిండుకొన్నవారే. ఇది మధ్య అమెరికా మొక్క. నేడు దాని చిన్న పూల మీద వాలే మన సీతాకోకచిలుకలను లెక్కపెట్టడము కష్టము. మిరప కూడా అమెరికా ఖండమునుండే వచ్చినది, చింత ఆఫ్రికానుండి. బయటివాటినన్నిటిని తీసివేయవలసివస్తే మన ఇంటి పచ్చడి జాడీలు ఖాళీ కావలసినదే.

అయితే వయ్యారిభామ సంగతి వేరు. 1955లో పుణెలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన ఈ మొక్క, తరువాత దేశమంతటా వ్యాపించినది. అమెరికా గోధుమలతో వచ్చినదని జనము చెప్పుకొని కాంగ్రెస్ గడ్డి అని పేరు పెట్టారు. ఒక్కొక్క మొక్క వేల విత్తనములు రాల్చును. చుట్టూ మరి దేనినీ ఎదగనివ్వదు. దానిని తాకినవారికి దురద, పొక్కులు, పుప్పొడి పీల్చినవారికి ఆయాసము. దీనిని పీకడములో మాకు ఏ సందేహమూ లేదు. కానీ కారణము అది విదేశీ కావడము కాదు, పక్కవారిని బ్రతకనివ్వకపోవడము.

దీనిని అదుపు చేయుటకు తెచ్చినది కూడా ఒక విదేశీయే! 1983లో మెక్సికో నుండి ఒక చిన్న పెంకుపురుగును బెంగళూరుకు తెచ్చి, పరీక్షించి, 1984లో విడిచిపెట్టారు. లేత రంగు రెక్కల మీద గోధుమ రంగు చారలుంటవి. వయ్యారిభామ ఆకులే దాని ఆహారము. తరువాత పొద్దుతిరుగుడు ఆకుల మీద కూడా కనబడగా రైతులు కలవరపడ్డారు. శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ ఆకుల మీద రాలిన వయ్యారిభామ పుప్పొడి దానిని అక్కడికి రప్పించినదని చెప్పారు. ఓపికగా చూచినందువలననే ఆ సంగతి తేలినది. తొందరపడి తీర్పు చెప్పియుంటే పురుగు మీద నేరము అలాగే ఉండిపోయేది.

ఒక పెద్దాయన ఇక్కడ అడ్డు తగిలారు: “మరి ఇరుగుపొరుగుకు కీడు చేసే మనుషులను కూడా పీకివేయవచ్చునంటారా?” మంచి ప్రశ్న. పోలిక అంతవరకే తీసుకొనిపోవలెనని మా అభిప్రాయము. వయ్యారిభామ తన స్వభావము మార్చుకోలేదు, దానికి నచ్చజెప్పలేము. మనిషితో మాట్లాడవచ్చును, మనిషి మారవచ్చును. పైగా ఒకడు చేసిన కీడుకు అతడే జవాబుదారి. అతని భాషవారందరు, అతని వీధివారందరు కారు. కలుపు అనే మాటను మనుషులకు తగిలించినచోట నెమ్మది ఉండదు. ఆ మాట ఎటునుండి ఎటు విసిరినా, మనవారు ఇతరులమీద విసిరినా సరే.

ఇప్పుడు పిల్లల నోటు పుస్తకములలో “ఎక్కడిది” అనే గడి పక్కన మరి రెండు గడులు గీయించాము: “దీని మీద ఎవరు వాలుచున్నారు”, “దీని కింద ఏమి మొలుచుచున్నది”. మూడు వారములు చూచి వ్రాసిన తరువాతనే పీకుట గూర్చి మాట. పూత రాకముందే, తడి నేలలో, చేతి తొడుగులతో వయ్యారిభామను వేరుతో తీయవలెను. ఉబ్బసము, చర్మవ్యాధి ఉన్నవారు దూరముగా ఉండవలెను. తీయబోయే ముందు ఆకు అడుగున చూడండి. వానలు పడిన తరువాత ఆ చారల పురుగు గ్రుడ్లు పెట్టేది అక్కడే.